పెదవులు మూసే పాఠం

ఇన్‌స్పెక్షన్ శుక్రవారమని సోమవారం పొద్దున తెలిసింది. ఉత్తరం తెచ్చిన పోస్టుమన్ అలవాటుకొద్దీ గేటు బయట సైకిలు బెల్లు మోగించాడు. మోగించాక, తాను ఏ బడి ముందు నిలబడ్డాడో గుర్తొచ్చినట్టు నాలిక కరుచుకుని, స్టాండు వేసి లోపలికొచ్చాడు. భూలక్ష్మి అప్పుడే వరండా కడిగి చీపురు గోడకు ఆనించింది. చేతులు కొంగుకు తుడుచుకుని కవరు అందుకుంది. ఆమెకు చదవడం రాదు. కానీ మూడు సింహాల ముద్ర ఉన్న కవరు ఏడాదికి ఒక్కసారే వస్తుందని, అది వచ్చిన రోజున విమల టీచర్ అన్నం సగంలో వదిలేసి లేస్తుందని తెలుసు.

భూలక్ష్మి కూతురు బుజ్జి అప్పటికే పోస్టుమన్ చొక్కా పట్టుకుని లాగుతోంది. ఏడేళ్ల పిల్ల. బయటివాళ్లెవరొచ్చినా దానికి అదే పని. అతను వంగగానే రెండు చేతులతో గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. ఎదుటి మనిషి పెదవులు సరిగ్గా కనిపిస్తే తప్ప మాట మొదలుపెట్టదు.

"నా... పేయు... బుయి," అంది. గొంతు బొంగురుగా ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. అయినా అది మాటే.

"మస్తుగ చెప్పినవ్ బుజ్జమ్మా," అన్నాడు పోస్టుమన్, ఆ సంగతి ప్రతి వారం వింటున్నా సరే.

విమల టీచర్ గుమ్మంలో నిలబడి ఉత్తరం చదువుతోంది. చదవడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు. ఎత్తాక ఆమె చూపు బుజ్జి మీద ఆగింది. ఆ చూపు భూలక్ష్మికి నచ్చలేదు. చేటలో బియ్యం మధ్య రాయి కనిపించినప్పుడు తాను చూసే చూపులా ఉంది.

బడి అంటే మాదాపూర్ ఊరి చివర రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో గోడ పొడుగునా అద్దం, దాని ముందు చాపలు. వెనక గదిలో వంట. ఇరవై మంది పిల్లలు, ఇరవై మందీ చెవిటివాళ్లే. బయట గుట్టలన్నీ పగలగొట్టి కంప్యూటర్ కంపెనీలకు గుండ్రటి పెద్ద బిల్డింగు కడుతున్నారు, దాని చుట్టూ రోడ్లు వేస్తున్నారు. పిల్లల్లో సగం మంది ఆ పనుల మీద వచ్చినవాళ్ల పిల్లలు. భూలక్ష్మి పెనిమిటి లింగయ్య కూడా అక్కడే బండలకు డ్రిల్లు వేస్తాడు. తూటాలు పేల్చే ముందు అక్కడ మూడుసార్లు ఈల ఊదుతారు, అందరూ పరుగెత్తి లారీల వెనక దాక్కుంటారు. ఈల వినపడని పిల్లను పని దగ్గరికి తీసుకుపోవాలంటే పాత చీరతో గుంజకు కట్టెయ్యాలి. ఈ బడి దొరికేదాకా భూలక్ష్మి అట్లాగే కట్టేసింది. చీర ఒరుసుకుని బుజ్జి నడుము చుట్టూ నల్లటి చార పడింది. రెండేళ్లయినా ఆ చార పోలేదు. పొద్దున్నే స్నానం చేయిస్తున్నప్పుడల్లా ఆమె చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది.

మధ్యాహ్నం పిల్లలు తిన్న పళ్లాలు కడుగుతుంటే విమల టీచర్ వంటగదిలోకి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది. ఆమెది గుంటూరు వైపు. భర్త కిరణ్ పాల్ బాలానగర్‌లో ఏదో ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఇంకో టీచరు మార్చిలోనే మానేసింది, అప్పట్నుంచి ఇరవై మందితోనూ ఈమే కుస్తీ పడుతోంది. గ్రాంటు రాక పదకొండు నెలలైంది. ఇంటి కిరాయి కిరణ్ పాల్ జీతంలోంచి పోతోందని భూలక్ష్మికి తెలుసు గానీ, తెలిసినట్టు ఎప్పుడూ కనబడదు.

విమల టీచర్ కాసేపు కడిగిన పళ్లాలను ఒకదాని మీద ఒకటి సర్దింది. తర్వాత పోయినేడు సంగతి ఎత్తింది. పోయినేడు వచ్చిన ఆఫీసరు వెంకటరమణ గారు పెద్దమనిషి, మంచి మనిషి కూడా. ఖాజాగూడ నుంచి వచ్చే జాయ్స్ అనే పిల్లను దగ్గరికి పిలిచి, నవ్వించి, బతిమాలి, నీ పేరేంటమ్మా అని అడిగాడు. జాయ్స్ పేరు చెప్పింది, నాన్న పేరూ చెప్పింది. ఆయన ఎంతో సంతోషపడి పిల్ల బుగ్గ గిల్లి, రిజిస్టర్లో ఆమె పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీశాడు. కాగితాల్లో 'చెవిటి–మూగ' అని ఉంది, ఈ పిల్ల మాట్లాడుతోంది కదండీ, మామూలు బడిలో వెయ్యండి అన్నాడు. మామూలు బడివాళ్లు వారం తిరక్కుండా వెనక్కి పంపేశారు. ఇప్పుడు జాయ్స్ ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుంటోంది.

"అప్పుడు ఇరవై ఒక్క మంది ఉన్నారు, ఒకరు పోయినా గడిచింది," అంది విమల టీచర్. "ఇరవై కంటే తగ్గితే గ్రాంటు లేదు. ఇప్పుడు సరిగ్గా ఇరవై మందే ఉన్నారు."

భూలక్ష్మి చేతిలో పళ్లెం కిందపెట్టింది. శుక్రవారం బుజ్జిని ఇంటికాడ ఉంచుతానంది. అట్లా చేస్తే పందొమ్మిదే అవుతారని, అందరూ కళ్లముందు ఉండాల్సిందేనని విమల టీచర్ చెప్పింది.

"బుజ్జి ఆ పూట నోరు తెరవకూడదు భూలక్ష్మీ. ఒక్క పూట."

"ఒక్క పూటేనని దానికెట్ల జెప్తం టీచరమ్మా?"

 ఏ పిల్లకు ఎన్ని మాటలు వచ్చాయో లెక్క రాసేది విమల టీచరే. బుజ్జికి వచ్చిన మాటలు అరవై మూడు. అమ్మ, నాయిన, నీళ్లు, బంతి, పాలు, రా, పో. ప్రతి మాటా ఏదో ఒక వస్తువును పట్టుకునో పనిని చూపించో నేర్పిందే. రేపు, నిన్న, ఉత్తుత్తికే, ఈ ఒక్కరోజుకే అన్నవి చేత్తో పట్టుకుని చూపించేవి కావు. వాటి దాకా రావడానికి ఇంకో రెండేళ్లు పడుతుందని విమల టీచరే చెప్పేది.

*

మంగళవారం పొద్దున భూలక్ష్మే మొదలుపెట్టింది. బుజ్జిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. బుజ్జి కళ్లు పెద్దవయ్యాయి. ఆ బడిలో ప్రతి శబ్దానికీ చేతికో చోటు ఉంది. 'ప' కి అరచెయ్యి నోటి ముందు పెట్టాలి, గాలి తగలాలి. 'మ' కి వేలు ముక్కు పక్కన పెట్టాలి, అదురు తెలియాలి. 'క' కి గొంతు కింద. వేలు పెదవుల మీద పెట్టడం బుజ్జికి ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు. కొత్త అక్షరమనుకుంది. వేలు పెట్టుకుని 'ప' అని చూసింది. కాదని తల్లి తల ఊపింది. 'ఉ' అంది. కాదు. 'ఫూ' అని ఊదింది, 'బ' అంది, ఉమ్ము పడేలా 'త' అంది. వచ్చినవన్నీ ఒక్కొక్కటే తీసి చూపించింది. ఏదీ కాదంటుంటే దాని మొహం చిన్నబోయింది. రెండేళ్లుగా ఆ పిల్లను అరిపించడానికి గొంతు పట్టి, బుగ్గలు నొక్కి, అద్దం ముందు గంటలు గంటలు కూర్చోబెట్టిన చేతులే ఇప్పుడు ఏ శబ్దం చేసినా వద్దంటున్నాయి.

భూలక్ష్మి లేచి వంటగదిలోకి పోయింది. పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతుంటే కలపకుండా చూస్తూ నిలబడింది.

అప్పుడు విమల టీచర్ బుజ్జిని అద్దం ముందుకు తీసుకెళ్లింది. ఆమె ఏ పనీ సగం సగం చెయ్యదు. పిల్ల చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. 'అమ్మ' అంది. పిల్ల వేళ్లకు అదురు తెలిసింది. కాదన్నట్టు టీచర్ తల అడ్డంగా ఊపింది. తర్వాత పెదవులు మూసింది. గొంతు కదల్లేదు. అప్పుడు రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఆడించింది. ఆ బడిలో చప్పట్లంటే అవే. బుజ్జి అద్దంలో ఆ చేతుల్ని చూసింది. మళ్లీ అదురు, తల అడ్డంగా. మళ్లీ మూత, చేతులు పైకి. ఎనిమిదోసారికి పిల్లకు వెలిగింది. తన పెదవుల్ని తానే గట్టిగా బిగించి, విమల టీచర్ చెయ్యి లాక్కుని తన గొంతు మీద పెట్టుకుని, చూడు, అదురు లేదు అన్నట్టు గడ్డం ఎత్తింది.

గదిలో పిల్లలందరూ చేతులు పైకెత్తి ఆడించారు. ఏ పాఠం వచ్చిందో వాళ్లకు తెలియదు. బుజ్జికి ఒక కొత్త పాఠం వచ్చిందని తెలిసింది, అంతే. విమల టీచర్ కూడా ఎత్తిన చేతులు దించకుండా అద్దంలో తనను తాను చూసుకుంది. ఆమె మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు.

ఆ సాయంత్రం లింగయ్య డ్యూటీ దిగి గుడిసె ముందు సున్నం పట్టినట్టున్న కాళ్లూ చేతులూ కడుక్కుంటుంటే బుజ్జి పరుగెత్తుకొచ్చి నిలబడింది. రోజూ ఆ టైముకు 'నాయ్‌న' అంటుంది. ఆ మాట వినడానికే అతను సాయంత్రం దోస్తుల దగ్గర కూర్చోకుండా నేరుగా ఇంటికొస్తాడు. ఈ రోజు ఏమీ అనలేదు. పెదవులు బిగించి, కళ్లతో నవ్వుతూ, తడి చెయ్యి పట్టి తన గొంతు మీద పెట్టుకుంది. భూలక్ష్మి సంగతి చెప్పింది. అతను చెంబు కింద పెట్టాడు.

"మాట రానీకి రెండేండ్లు పట్టింది. దాన్ని గిట్ల ముయ్యబెట్టవడితిరి."

"నాలుగు దినాలే. శుక్రారం దాక."

"గిదేం ఇన్‌స్పెక్షనే? మా దగ్గర సూపర్‌వైజరొస్తే పని ఎక్కువ జేసి చూపిస్తం. మీ దగ్గర రాలేదని చూపియ్యాల్నా?"

 బడి మూతపడితే బుజ్జి ఎక్కడ ఉంటుందో నువ్వే చెప్పు అంది భూలక్ష్మి. లింగయ్య గుట్టల వైపు చూశాడు. దుమ్ము ఇంకా కింద సద్దుకోలేదు. జర అన్నం పెట్టు అన్నాడు.

బుధవారం, గురువారం అభ్యాసం సాగింది. ఇంటి దగ్గర కూడా చేయించమని విమల టీచర్ చెప్పింది. వచ్చే ఆఫీసరు ఊరుకోరు, నవ్విస్తారు, బతిమాలతారు, పోయినసారి జాయ్స్ నోరు అట్లాగే తెరిపించారు. నువ్వు అంతకంటే ఎక్కువ బతిమాలి చూడు, నీ దగ్గర నిలబడితే ఎవరి దగ్గరైనా నిలబడుతుంది అంది. భూలక్ష్మి అట్లాగే చేసింది. నీ పేరేంది అని అడిగింది. బుజ్జి పెదవులు బిగించింది. తల్లి చేతులెత్తి ఆడించింది. పిల్ల ఎగిరి గంతేసింది. నీళ్ల గ్లాసు చూపించి, ఏందిది అని అడిగింది. బంతి చూపించింది. లింగయ్య వైపు చూపించి, ఎవరు అంది. ప్రతిసారీ మూసిన పెదవులు, ప్రతిసారీ ఎత్తిన చేతులు. బుజ్జికి ఇది మిగతా పాఠాల కంటే తేలిగ్గా వచ్చింది. 'క' కి ఆరు నెలలు ఏడ్చిన పిల్ల దీన్ని రెండు రోజుల్లో పట్టేసింది.

గురువారం సాయంత్రం భూలక్ష్మి ఆఖరుగా ఒకటి చేసి చూసింది. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, అమ్మా అను బిడ్డా అంది. బుజ్జి తల అడ్డంగా ఊపింది. ఒక్కసారి అను అంది. బుజ్జి ఇంకా గట్టిగా బిగించింది. భూలక్ష్మి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చినట్టు నటించింది. కొంగు సందులోంచి చూస్తే పిల్ల కళ్లు నిండిపోయాయి, గడ్డం వణుకుతోంది, పెదవులు తెల్లబడ్డాయి. అయినా తెరవలేదు.

భూలక్ష్మి కొంగు తీసేసి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. చేతులెత్తి ఆడించాల్సిన సంగతి మర్చిపోయింది. బుజ్జి ఆమె మణికట్లు పట్టుకుని తానే పైకెత్తింది.

*

శుక్రవారం తొమ్మిదింటికల్లా పిల్లలకు తలలు దువ్వి, పౌడర్లు రాసి కూర్చోబెట్టారు. ఆఫీసరు పదింటికి రావాలి. గుండ్రటి బిల్డింగు చూడడానికి ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని రోడ్డు ఆపేశారు. శేరిలింగంపల్లి వైపు నుంచి తిరిగి జీపు వచ్చేసరికి పన్నెండు దాటింది. జీపులోంచి దిగింది వెంకటరమణ గారు కాదు. ముప్పై ఏళ్ల లోపు ఆడమనిషి, భుజానికి గుడ్డ సంచి, కళ్లద్దాలు. పేరు ప్రియదర్శిని అని, ఈ ఏడాది నుంచి ఈ సెక్షను తనదేనని చెప్పింది. భూలక్ష్మి మంచినీళ్లు ఇస్తే, థాంక్సమ్మా అంటూ ఆమె మొహంలోకి చూసి తీసుకుంది. ఆ ఆడమనిషి మంచిదేనని భూలక్ష్మికి అప్పుడే అనిపించింది.

చెవిటితనం పరీక్షించడానికి విమల టీచర్ స్టీలు పళ్లెం, గరిటె సిద్ధంగా పెట్టింది. వాటి అవసరం రాలేదు. ఆఫీసరు రిజిస్టరు తెరిచి మొదటి పేరు చదువుతుండగా గుట్టల వైపు తూటాలు పేలాయి. రేకులు దడదడలాడాయి. కిటికీ గాజులు గిలగిల్లాడాయి. ప్రియదర్శిని చేతిలో పెన్ను ఎగిరి కిందపడింది. పిల్లల్లో ఒక్కరూ తల తిప్పలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం అరచేతులు నేలకు ఆనించి, ఆ వణుకు తగిలి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. బుజ్జి వంగి పెన్ను తీసి ఆమెకిచ్చింది.

ప్రియదర్శిని పెన్ను అందుకుని చాలాసేపు ఆ పిల్లల్నే చూసింది. తర్వాత సంచిలోంచి కొత్త ఫారం తీసింది. పోయినేటి ఫారంలో ఎంతమంది పిల్లలున్నారని ఒక్కటే గడి ఉండేదట. ఇందులో ప్రతి పిల్ల పేరుకెదురుగా, బడిలో చేరి ఎన్నాళ్లయింది, ఎన్ని మాటలు వచ్చాయి అని రెండు గడులున్నాయి.

విమల టీచర్ ఫారం చేతిలోకి తీసుకుని చదివింది. గుమ్మంలో నిలబడ్డ భూలక్ష్మికి ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు నిటారుగా అయిపోయింది.

ఒక్కొక్క పిల్లా అద్దం ముందుకు వచ్చింది. కొందరు 'ప ప' అన్నారు. ఒకడు 'మ' అని వేలు ముక్కు పక్కన పెట్టుకుని ఎంతకీ తియ్యలేదు. కొత్తమనిషి ముందు ఇద్దరు బెదిరిపోయి ఏమీ అనలేదు. ఆఫీసరు అన్నీ రాసుకుంటోంది. పన్నెండో పిల్ల దగ్గర ఆగి నెమ్మదిగా అడిగింది.

"అయిదేళ్లుగా గ్రాంటు తీసుకుంటున్నారు కదండీ. కనీసం ఒక్క పిల్లకైనా తన పేరు చెప్పడం రావాలి కదా?"

"వచ్చండీ," అంది విమల టీచర్.  "ఈ పాపకి వచ్చు. అరవై మూడు మాటలు వచ్చు."

బుజ్జి తన వంతు వచ్చిందని లేచి, గౌను సర్దుకుని, అద్దం ముందు నిలబడింది. ప్రియదర్శిని కింద చాప మీద కూర్చుని మొహం పిల్ల మొహానికి సమానంగా తెచ్చి, పెదవులు బాగా కదిలించి, నీ పేరేంటి అని అడిగింది. ఆమెకు ఈ పని తెలుసు. అడిగే పద్ధతిలోనే తెలుస్తోంది. బుజ్జి విమల టీచర్ వైపు చూసింది, తల్లి వైపు చూసింది. పెదవులు బిగించింది. ఆఫీసరు చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టి, అదురు లేదు చూసుకో అన్నట్టు గడ్డం ఎత్తింది.

ప్రియదర్శిని ఆ చెయ్యి తియ్యకుండా ఇంకోసారి అడిగింది. బుజ్జి గర్వంగా నవ్వింది, పెదవులు విడిపోకుండా. వెనక పిల్లలందరూ చేతులు పైకెత్తి గాల్లో ఆడించారు.

"మాట్లాడుతది మేడం," అంది భూలక్ష్మి. ఎప్పుడు గదిలోకి వచ్చిందో ఆమెకే తెలియదు. "మాట్లాడుతది. మేమే వద్దన్నం."

ఎందుకు వద్దన్నారని ఆఫీసరు అడిగింది. భూలక్ష్మి విమల టీచర్ వైపు చూసింది. విమల టీచర్ దాచకుండా మొత్తం చెప్పింది. జాయ్స్ సంగతి, ఎర్ర సిరా సంగతి, ఇరవై మంది సంగతి. చెప్తున్నంతసేపూ చీర అంచు మడతపెడుతూ విప్పుతూ ఉంది.

"మాట్లాడితే పేరు కొట్టేస్తారని మాట్లాడకుండా చేశారా? మాట్లాడించడానికే కదండీ ఈ డబ్బు?" ప్రియదర్శిని గొంతులో కోపం లేదు. నమ్మలేనట్టు ఉంది. "సరే, మీరు చెప్పింది పక్కన పెడతాను. ఒక్క మాట అనిపించండి. ఏ మాటైనా సరే."

భూలక్ష్మి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులూ పట్టుకుంది. అమ్మా అను బిడ్డా అంది. బుజ్జి తల్లి పెదవుల్ని చదివింది. నిన్న సాయంత్రం ఇట్లాగే కూర్చుంది, ఇట్లాగే చేతులు పట్టుకుంది, ఇదే మాట అంది. నిన్నటి పరీక్షే ఇవాళ అందరి ముందూ పెడుతున్నారని ఆ పిల్లకు అర్థమైంది. భూలక్ష్మికీ అర్థమైంది. పిల్ల చేతుల్ని ఒక్క ఊపు ఊపింది. ఇది ఉత్తుత్తి కాదు బిడ్డా, నిజంగా అను అంది. ఆ మాటలు బుజ్జికి తెలిసిన మాటల్లో లేవు. దాని కళ్లకు తెలిసిందల్లా అమ్మ మొహం వంకర తిరగడం, కళ్ల వెంట నీళ్లు కారడం. నిన్న కొంగు అడ్డం ఉంది, ఇవాళ లేదు. అంటే ఇది ఇంకా కష్టమైన పరీక్ష. బుజ్జి పెదవులు తెల్లబడేలా బిగించి, ఊపిరి కూడా ఆపింది.

విమల టీచర్ ముందుకొచ్చి పిల్ల చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని 'అమ్మ' అంది. బుజ్జి తప్పని తల అడ్డంగా ఊపింది. టీచరే తప్పు చేసిందని వెనక పిల్లలు నవ్వారు.

పావుగంట చూసి ప్రియదర్శిని లేచింది. తన చీరకు అంటిన చాప నార దులుపుకుని, బుజ్జి తల నిమిరింది. తాను చూసింది తప్ప విన్నది రాయడానికి లేదని, రాస్తే పై వాళ్లు తననే అడుగుతారని విమల టీచర్‌తో చెప్పింది. మీరు చెప్పింది నమ్మినా ఇబ్బందే, ఆఫీసును మోసం చెయ్యాలని పిల్లలకు నేర్పారని రాయాల్సొస్తుంది, దానికంటే ఇదే నయం అంది. బుజ్జి పేరుకెదురుగా గడిలో సున్నా పెట్టింది. సున్నా గుండ్రంగా రాలేదని దాని మీదే మళ్లీ దిద్దింది. జీపు ఎక్కేముందు ఆగి, ఈ ఏడు గ్రాంటు రాదని, వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పింది.

జీపు పోయాక విమల టీచర్ అద్దానికి ఎదురుగా చాప మీద కూర్చుండిపోయింది. పిల్లలకు అన్నం టైము దాటిపోతోంది. భూలక్ష్మి పళ్లాలు పరిచింది. చివరి పళ్లెంలో అన్నం పెట్టింది.

"నెలాఖరు దాకా నడుపుతాను," అంది విమల టీచర్. "ఆ తర్వాత మా ఆయన్ని కిరాయి అడగలేను భూలక్ష్మీ."

నెలాఖరుకు తొమ్మిది రోజులుంది. ఈ తొమ్మిది రోజులూ మాట తిరిగి రప్పించడానికి చూస్తానంది. రప్పించి ఎవరికి చూపించాలో మాత్రం చెప్పలేదు. 

*

లింగయ్య ఆ సాయంత్రం తొందరగా వచ్చాడు. వచ్చే నెల నుంచి తనకు కాంక్రీటు మోసే పని ఉందా అని మేస్త్రీని అడిగి రమ్మని, భూలక్ష్మి దారిలో కనిపించిన ఒకావిడతో కబురు పెట్టింది. అతనికి ఆ కబురు అందలేదు. ఇన్‌స్పెక్షన్ అయిపోయిందన్న ఖుషీలో ఉన్నాడు. కాళ్లు కడుక్కోకముందే గుడిసె ముందు గొంతుక్కూర్చుని, బుజ్జిని రమ్మని చెయ్యి ఊపాడు.

బుజ్జి వచ్చి నిలబడింది. పొద్దుటి పౌడరు ఇంకా మెడ మీద చారలుగా ఉంది.

"ఏదీ, నాయిన అను."

బుజ్జి పెదవులు బిగించి గడ్డం ఎత్తింది.

అతను పకపకా నవ్వాడు. "ఏందే, మీ ఆఫీసరు ఇంక పోలేదా?"

"పోయింది," అంది భూలక్ష్మి.

"మరి చెప్పు దానికి. అయిపోయింది, ఇగ మాట్లాడమను."

"నువ్వే చెప్పి చూడు."

లింగయ్య మూతి మీద దుమ్ము చేత్తో తుడుచుకున్నాడు, పెదవులు కనపడాలని. నాయిన అని మెల్లగా, విడివిడిగా అన్నాడు. బుజ్జి తల అడ్డంగా ఊపింది. మోసపోను అన్నట్టు కళ్లతో నవ్వింది. అతను కూడా నవ్వి మళ్లీ అన్నాడు. పిల్ల చెయ్యి తీసి గొంతు మీద పెట్టుకుని అన్నాడు. బుజ్జి చెయ్యి వెనక్కి లాక్కుంది. నాలుగోసారి అతను దాన్ని నడుం పట్టి గాల్లోకి ఎత్తి, నవ్వుతూనే, మొహానికి దగ్గరగా పెట్టుకుని అన్నాడు. ఇంత ఎత్తునుంచి కూడా నెగ్గానన్నట్టు బుజ్జి రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఆడించింది.

అయిదోసారి అన్నప్పుడు అతను నవ్వలేదు.